మూడో బేస్ పక్కన ముగ్గు గడి

మే నెలాఖరుకు కోల్బెన్ ఊళ్ళో దూది ఎగురుతుంది. మైదానం కంచె అవతల, నది ఒడ్డున ఉన్న కాటన్‌వుడ్ చెట్లు తమకు తోచినప్పుడల్లా గుప్పెళ్ళ కొద్దీ దూది గాల్లోకి వదులుతాయి. దానికి నేల మీదికి దిగాలన్న తొందర ఉండదు. ఆ మధ్యాహ్నాల్లో మైదానం అంచున కూర్చుంటే బంతికి కూడా తొందర లేదనిపిస్తుంది. విసిరినవాడి చెయ్యి దాటాక కాసేపు ఎటు వెళ్దామా అని ఆలోచించుకుని వెళ్తున్నట్టుంటుంది.

ఆ దూదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నిలబడ్డ మనిషి వెర్లిన్ డోస్టల్. కోల్బెన్ కాలేజీ బేస్‌బాల్ జట్టుకు పెద్ద కోచ్. ఆయన చోటు మూడో బేస్ పక్కన తెల్లటి పొడితో గీసిన గడి. తమవాళ్ళు బ్యాటింగ్ చేస్తున్నంతసేపూ ఆయన అందులో నిలబడి, బ్యాటు పట్టినవాణ్ణీ బేసుల మీద ఉన్నవాళ్ళనీ చేతి సైగలతో నడిపిస్తాడు. ఆట మొదలైన పది నిమిషాలకే ఆ గీతల్ని బూటుతో చెరిపేస్తాడు. ముగ్గు తొక్కకూడదన్న పట్టింపు నెబ్రాస్కాలో ఎవరికీ లేదు.

ఆయన చేతి కింద కోల్బెన్ ఎనిమిది వందల అరవై పైచిలుకు ఆటలు గెలిచింది. తొమ్మిదిసార్లు తమ లీగులోని కాలేజీలన్నిటి మీదా గెలిచి తెచ్చిన తొమ్మిది జెండాలు ఎడమ కంచె మీద ఎండకు వెలిసిపోతున్నాయి. ఒక్కటే తక్కువ. జాతీయ పోటీలకు మాత్రం వెళ్ళలేదు. నాలుగుసార్లు చివరి ఆట దాకా వచ్చి, నాలుగుసార్లూ ఓడి ఇంటికి పోయారు. డోస్టల్ జట్టుది పీటల మీద ఆగిపోయే పెళ్ళని ఊరి మంగలి షాపులో ఒక హాస్యం. ఆయన ఉండగానే అనేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు, జుట్టు వాళ్ళ చేతిలో ఉంది గనక.

ఆయన సైగలు చూడ్డానికి ఒంటి మీద చీమలు పాకినట్టుంటాయి. ముక్కు, చెవి, మోచెయ్యి, తొడ, మళ్ళీ ముక్కు. అందులో తొంభై పాళ్ళు ఉత్తదే, అవతలి జట్టు కళ్ళు కప్పడానికి. అసలు సంగతి టోపీ అంచులో ఉంది. టోపీ అంచు ముట్టుకున్నాక చెయ్యి ఎక్కడికి పోతే అదే ఆజ్ఞ. టోపీ తర్వాత బెల్టు అంటే పరుగెత్తు. మూడో బేస్ మీద మనిషి ఉండగా ఆ సైగ వస్తే వాడు నేరుగా హోమ్‌కు, అంటే బ్యాటింగ్ చేసే చోటికి, పరుగెత్తాలి, బ్యాటు పట్టినవాడు బ్యాటు అడ్డం పెట్టి బంతిని మెత్తగా ముందుకు వదలాలి. ఒకడు విని ఇంకొకడు వినకపోతే పరుగెత్తినవాడి పని గోవిందా.

కిందటి అక్టోబరులో ఆయన ఎడమ చెయ్యి వణకడం మొదలైంది. ఒమాహా డాక్టరు దానికొక పేరు చెప్పాడు. ఆ పేరును ఒమాహాలోనే వదిలేసి ఇంటికొచ్చాడు కోచ్. జనవరిలో ఒక పొద్దున కాఫీ కప్పు సాసర్ మీద టకటకమంటుంటే, ఆయన భార్య లోర్నా దాన్ని రెండు చేతులతో పట్టి ఆపింది.

"ఆ గడిలో ఇంకెన్నాళ్ళు నిలబడతావు వెర్లిన్?"

"చెయ్యి వణికితే ఏం? బుర్ర వణకడం లేదుగా."

"పిల్లలు నీ బుర్రను చూసి పరుగెత్తరు, నీ చెయ్యి చూసి పరుగెత్తుతారు."

ఆయన చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నాడు. "సరే విను. ఈ చెయ్యి వల్ల ఒక్క ఆట పోయినా, ఆ రోజే గడి దిగిపోతాను. టేట్‌కి అప్పజెప్పేస్తాను." టేట్ హ్రుష్కా ఒకప్పుడు ఆయన దగ్గర ఆడినవాడే, ఇప్పుడు పన్నెండేళ్ళుగా ఆయన పక్కన చిన్న కోచ్.

"ఈ మాట గుర్తుంచుకుంటాను," అంది లోర్నా. ఆవిడ గుర్తుంచుకుంటానంటే రాతి మీద చెక్కినట్టే.

ఆ గడి తప్ప ఆయనకు వేరే లోకం లేదు. అందుకని ఆయన చేతిని దాచడం నేర్చుకున్నాడు. వణుకు వచ్చినప్పుడు టోపీ సర్దుకుంటున్నట్టు దాన్ని పైకెత్తేవాడు. కాసేపటికి కిందికి దించి బొటనవేలు బిగించి నిలబెట్టేవాడు. ఎవరూ ఏమీ అనలేదు. పైగా ఆ ఏడు కోల్బెన్ నలభై ఒక్క ఆటలు గెలిచింది. కాలేజీ పుట్టిన తర్వాత అన్ని ఎన్నడూ గెలవలేదు. చూశావా, చెయ్యి బంగారంలా ఉంది అనుకున్నాడు కోచ్. ఓడిన కొద్ది ఆటల్లోనూ చెయ్యి తప్పేమీ కనబడలేదు.

మార్చిలో కాన్సస్‌లో ఒక్క పరుగు తేడాతో పోయిన ఆట ఉంది గానీ, అది కెప్టెన్ బ్రెకెన్ మోల్ ఖాతాలోది. నాలుగో ఏడు చదువుతున్నవాడు, బుద్ధిమంతుడు, ఎవరూ చెప్పకుండా రెండో బేస్ నుంచి పరుగెత్తి పట్టుబడ్డాడు. "నేనే తప్పు చూశాను కోచ్," అన్నాడు. బస్సు ఎక్కేదాకా కోచ్ వాణ్ణి చెరిగి పోశాడు. బేస్ మీద బుద్ధి తప్పినవాడు ఆ ఏడంతా సొంత మైదానంలో ఆట అయ్యాక మూడో బేస్ చుట్టూ మట్టిని దంతెతో సర్దాలన్నది కోల్బెన్‌లో పాత ఆచారం. గీతలు తిన్నగా రావాలి. వంకర పోతే మళ్ళీ మొదట్నుంచి. వసంతమంతా మోల్ ఆ దంతె లాగాడు. రెండుమూడుసార్లు కోచే వెళ్ళి, గీత వంకర పోయిందని మళ్ళీ మొదట్నుంచి చేయించాడు.

ఇవాళ్టిది మళ్ళీ ఆ చివరి ఆట. ఐదోసారి. గెలిస్తే వచ్చే వారం జాతీయ పోటీలు. ఎదురుగా డకోటా కాలేజీ వాళ్ళు. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ సగం అయిపోయింది, చెరి నాలుగు పరుగులు. కోల్బెన్ ఆఖరి బ్యాటింగ్. ఒకడు అవుటయ్యాడు. మూడో బేస్ మీద మోల్ ఉన్నాడు, కోచ్‌కు రెండు బారల దూరంలో. వాడు హోమ్ చేరితే ఒక పరుగు, ఆట గెలిచినట్టే.

ఊరి అవతల గూడ్సు రైలు ఒకటి కూత పెట్టి, ఎప్పటికీ అయిపోనంత పొడుగ్గా పోతోంది. దూది పడుతూనే ఉంది. కోచ్‌కు ఎందుకో మైదానం నిండా మనుషులు ఎక్కువగా ఉన్నట్టనిపించింది. మొదటి బేస్ దగ్గర, పదిహేడేళ్ళ కిందట కాలు విరిగినా నవ్విన కుర్రాడు నిలబడి ఉన్నాడు. రెండో బేస్ దగ్గర, ఇప్పుడు పొలం చేసుకుంటున్న కవల అన్నదమ్ములు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని ఉన్నారు. కుర్ర టేట్ కూడా ఉన్నాడు, ఇరవై ఏళ్ళవాడు, మోకాలికి మట్టితో. అందరూ ఆయన వంకే చూస్తున్నారు, ఏం చెయ్యమంటారు కోచ్ అన్నట్టు. ఆయనకు వాళ్ళందరినీ ఒక్కసారిగా హోమ్‌కు పంపెయ్యాలనిపించింది. వాళ్ళ మీద అంత ప్రేమ పుట్టుకొచ్చింది.

అప్పుడే చెయ్యి వణికింది. అలవాటుగా పైకెత్తి టోపీ అంచు పట్టుకున్నాడు. అక్కడా ఆగలేదది. దించి, బొటనవేలు బెల్టులో దూర్చి బిగించాడు.

బిగించాక గాని ఏం చేశాడో ఆయనకు తెలియలేదు. టోపీ. బెల్టు.

చెరపడానికి వ్యవధి లేదు, బంతి విసిరే పిచ్చర్ చెయ్యి తిరిగిపోతోంది. అయిపోయింది అనుకున్నాడు. మోల్ పరుగెత్తుతాడు, చస్తాడు.

మోల్ కదల్లేదు. బ్యాటు పట్టిన ఆరిన్ వైస్ కూడా బ్యాటు అడ్డం పెట్టలేదు. బంతి దూరంగా పోయి క్యాచర్ చేతిలో పడింది. డకోటా కోచ్ తన పిచ్చర్‌తో మాట్లాడ్డానికి మెల్లగా మైదానంలోకి నడిచాడు. ఆట ఆగింది.

మోల్ వచ్చి కోచ్ పక్కన నిలబడ్డాడు.

"సైగ చూశావా?" అన్నాడు కోచ్, పెదాలు కదపకుండా.

"చూశాను కోచ్."

"మరి పరుగెత్తలేదేం?"

మోల్ బూటుతో మట్టి రాశాడు. "అది మీరు చెప్పింది కాదు. చెయ్యి చెప్పింది."

రైలు ఇంకా పోతూనే ఉంది.

"ఎప్పట్నుంచిరా ఇది?"

"మార్చి నుంచి. కాన్సస్ నుంచి వస్తూ బస్సులో అందరం మాట్లాడుకున్నాం. మీరు ముందు సీట్లో నిద్రపోతున్నారు."

"కాన్సస్‌లో తప్పు చూశానన్నావు నువ్వు."

"అన్నాను."

"తప్పు చూశావా?"

"లేదు కోచ్. టోపీ, బెల్టు. బాగానే చూశాను."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీరు అప్పటికే తిడుతున్నారు కదా. మధ్యలో ఆపడం ఎందుకని."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆయనకు. సిగ్గు మాత్రం బాగా వేసింది. ఈ కుర్రాడు తనకోసం వసంతమంతా మట్టి లాగాడు, తను పక్కన నిలబడి వంకలు పెట్టాడు.

"ఇన్నాళ్ళూ మరి దేన్ని చూసి ఆడుతున్నార్రా మీరు?"

"మీ గడ్డాన్ని. నిజంగా చెప్పేటప్పుడు మీ గడ్డం కొంచెం పైకి లేస్తుంది. ఉత్త సైగలప్పుడు లేవదు. టేట్ కోచ్ చెప్పాడు, ఆయన ఆడే రోజుల నుంచీ అంతేనట."

తమ బెంచీ మీద టేట్ ముందుకు వంగి కూర్చున్నాడు, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, ఏమీ ఎరగనివాడిలా. నలభై ఒక్క గెలుపులు. చెయ్యి బంగారం అనుకున్నాడు తను. పాతికమంది కుర్రాళ్ళు తన ముఖంలోకి చూసి చూసి గెలిచిన గెలుపులవి.

లోర్నాకు ఇచ్చిన మాట ప్రకారం గడి దిగాల్సిన రోజు ఎప్పుడో మార్చిలోనే వచ్చి వెళ్ళిపోయింది. "టేట్‌ని పిలవనా ఇక్కడికి?"

"పిలవండి మీ ఇష్టం. కానీ వైస్ అక్కణ్ణుంచి మీ గడ్డం వంకే చూస్తున్నాడు."

డకోటా కోచ్ తిరిగి వెళ్ళి కూర్చున్నాడు. పిచ్చర్ బంతి దొర్లించుకుంటూ నిలబడ్డాడు. వెర్లిన్ డోస్టల్ ఎడమ చెయ్యి పైకెత్తాడు. ఈసారి దాచలేదు, బిగించలేదు. అది వణుకుతూనే టోపీ అంచుకు వెళ్ళింది, వణుకుతూనే బెల్టుకు దిగింది. డకోటా బెంచీ మీద ఒకడు చూశాడు. ఇంతకుముందు ఇదే చేశాడు, ఏమీ జరగలేదు అని మళ్ళీ గింజలు నమలడం మొదలుపెట్టాడు.

కోచ్ గడ్డం పైకి లేచింది. ఆయనకే తెలిసింది లేవడం, ఇన్నేళ్ళలో మొదటిసారి.

మోల్ ఆయన పక్కనుంచి దూదిలోకి దూసుకుపోయాడు. వైస్ బ్యాటు అడ్డం పెట్టాడు. బంతి మెత్తగా గడ్డిలో పడి, రెండు గంతులేసి, ఎవరికీ అందకుండా ఆగింది. పిచ్చర్ దాన్ని అందుకునేసరికి మోల్ పొట్ట మీద జారి హోమ్ మీద చెయ్యి వేశాడు.

జట్టంతా వాడి మీద పడిపోయింది. టేట్ టోపీ ఎక్కడికో విసిరేశాడు. కంచె అవతల ఊరి పెద్దలు, మంగలితో సహా, చిన్నపిల్లల్లా గెంతుతున్నారు. కోచ్ ఆ గోలంతా నీళ్ళ అడుగునుంచి వింటున్నట్టు గడిలో నిలబడ్డాడు. తర్వాత వెళ్ళి ఒక్కొక్కణ్ణీ కౌగిలించుకున్నాడు. వైస్ గడ్డం ఎత్తి చూపించి నవ్వాడు. ఫొటోలు అయ్యాయి. పదో జెండా ఎక్కడ కట్టాలో అప్పుడే వాదన మొదలైంది.

కాసేపటికి లోర్నా గసగసాలు పెట్టి కాల్చిన కోలాచీ రొట్టెల పెట్టెతో మూడో బేస్ వైపు కంచె దగ్గరికి వచ్చేసరికి, ఆయన దంతె పట్టుకుని మట్టి లాగుతున్నాడు.

"గెలిచి కూడా ఈ పనేమిటి?"

"మార్చిలో కాన్సస్ ఆట పోయింది చూడు, అది నా చెయ్యి వల్ల పోయింది లోర్నా. పిల్లలు ఇవాళ దాకా చెప్పలేదు."

ఆవిడ పెట్టె కంచె గట్టు మీద పెట్టింది. "వచ్చే వారం జాతీయ పోటీలు."

"అవును."

"ముప్ఫై ఒక్క ఏళ్ళు చూశావు దానికోసం."

"గడిలో టేట్ నిలబడతాడు. నేను బెంచీ మీద కూర్చుంటాను. గింజలు నేను కూడా నమలగలను." దంతె ఇంకొంచెం లాగాడు. "బాధగానే ఉంది."

"ఉంటుంది మరి," అంది లోర్నా. ఆ మాట గుర్తుందా అని అడగలేదు.

సందడిలోంచి మోల్ పరుగెత్తుకొచ్చాడు, ఛాతీ నిండా మట్టితో. "కోచ్, అది నా పని. ఇలా ఇవ్వండి."

"నీది కాదురా. మార్చి నుంచీ నాదే. నువ్వు చేశావంతే."

మోల్ పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. కోచ్ బేస్ చుట్టూ లాగి, ముగ్గు గడి ఉండిన చోటు దాకా వచ్చి, వెనక్కి తిరిగి చూశాడు. ఎడమ చెయ్యి వణికిన చోటల్లా గీతలు వంకరటింకరగా వచ్చాయి.

"బాగానే ఉంది కోచ్," అన్నాడు మోల్.

"వంకర పోయింది," అన్నాడు వెర్లిన్ డోస్టల్. దంతె భుజాన వేసుకుని నడిచి, మళ్ళీ మొదట్నుంచి లాగడం మొదలుపెట్టాడు.