రాజీ తీసిన కార్డు

ప్రతి ఏడాది జనవరి ఒకటో తారీఖు పొద్దున మా కేసముద్రం చర్చిలో ఒక వెదురుబుట్ట అందరి ముందుకూ తిరుగుతుంది. అందులో చిన్న చిన్న కార్డులుంటాయి. కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. దాని మీదున్న వాక్యమే ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన వాగ్దానం.

ఆ కార్డులు రాసేదీ, బుట్ట పట్టేదీ నేనే. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో కాలేజీలు మూతపడి ఏడాది పోయినా పట్టుబట్టి డిగ్రీ పూర్తి చేసినదాన్ని. ఆ చదువంతా చివరికి పాత శుభలేఖలను ముక్కలుగా కత్తిరించి, వెనకవైపు గుండ్రటి దస్తూరితో వాక్యాలు రాయడానికి పనికొచ్చింది. కొత్త అట్ట కొనాలంటే సంఘ పెద్దలు మూడు మీటింగులు పెడతారు.

నాకొక దురలవాటు ఉండేది. నోటికి కాపలా పెట్టుకొమ్మనే వాక్యం మూడేళ్లుగా వరసగా మా సంఘంలో అందరికన్నా ఎక్కువ మాట్లాడే ప్రేమలతమ్మకే వచ్చేది. బుట్ట ఆమె ముందుకు వచ్చేసరికి ఆ కార్డు పైకి తేలేలా ఎలా కదపాలో నాకు తెలుసు. ఆమె మాత్రం అది వాళ్లాయనకు రావలసిందనీ, దేవుడు పొరపాటున తన చేతికిచ్చాడనీ మూడేళ్లూ నమ్మింది.

డెబ్బై తొమ్మిదిలో రాజీ కూడా కార్డు తీసింది. రాజీది ఊరికి రెండు మైళ్ల దూరంలోని తండా. పెద్దబిడ్డ కామెర్లతో దవాఖానలో పడి ఉన్నప్పుడు మా సంఘం ఆడవాళ్లు వంతులవారీగా పక్కన కూర్చున్నారు. అప్పటినుంచి చర్చికి వస్తోంది. మార్కెట్ యార్డులో ధాన్యం చెరిగే పని చేసేది. ఆమె భర్త సోమ్లా ఒక మేస్త్రి వెంట పూనా దిక్కు రోడ్డు పనికి పోయి అప్పటికి ఎనిమిది నెలలు. వెంట పోయినవాళ్లు దసరాకే తిరిగొచ్చారు. సోమ్లా వేరే పని చూసుకుంటానని విడిపోయాడన్నారు, అంతకు మించి ఎవరికీ తెలియదు.

చదువురాని వాళ్లకు కార్డు చదివి వినిపించేదీ నేనే. రాజీ కార్డు నా చేతిలో పెట్టి నా కళ్లలోకి చూసింది.

"మా వాని ముచ్చట ఏమన్న ఉన్నదా అక్కా?"

కార్డు మీద ఇలా ఉంది: 'నేను చేసిన ఒడంబడిక తప్పను, నా నోట వచ్చిన మాట మార్చను.' నాకది ఆ పూటకు మరీ ఎండిపోయిన రొట్టెలా అనిపించింది. భర్త జాడలేని మనిషికి ఒడంబడిక ఏం కడుపు నింపుతుంది? నోరు దానంతటదే తెరుచుకుంది.

"నీ ఇంటివాడు క్షేమముగా తిరిగివచ్చును, నీ గడప తొక్కును," అని చదివాను. గ్రాంథికంలో చెబితే అబద్ధానికి కూడా కొంత గౌరవం వస్తుంది.

రాజీ కార్డును కళ్లకద్దుకుని రవికెలో పెట్టుకుంది. ఒక మంచి పని చేశాననే అనుకుంటూ ఇంటికొచ్చాను.

ఫిబ్రవరిలో మినుములు కొనడానికి యార్డుకు పోయినప్పుడు మిగతా కథ రాజీ నోటనే విన్నాను. సోమ్లా తమ్ముడు ధన్‌సింగ్ సంక్రాంతికి ముందే ఆమెతో ఒక మాట మాట్లాడాడట. అన్న చనిపోయాడని ఒప్పుకుని గాజులు తీసేస్తే మూడెకరాల్లో ఒక ఎకరం ఆమెకూ ఆడపిల్లలిద్దరికీ వదిలేస్తాడు. హోలీ దాకా మొండికేస్తే పంచాయతీలో తేలుస్తాడు, అప్పుడు ఎకరం కూడా ఉండదు. తండాలో పెళ్లయిన ఆడవాళ్లు మోచేతి పైదాకా వేసుకునే తెల్లగాజులు మొగుడు పోతేనే తీస్తారు. రాజీ ఆ ఎకరం వద్దంది. మా దేవుడు రాతపూర్వకంగా ఇచ్చాడని చెప్పి పంపిందట.

మినుముల సంచి నా చేతిలో బరువెక్కింది. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ మినుముల్లో రాళ్లున్నాయన్నాను.

మా ఆయన నిరంజన్ స్టేషన్లో గూడ్సు క్లర్కు. ఆ సాయంత్రం ఆయనకు చెప్పాను. చాయ్ తాగడం ఆపి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"బుక్ కాని సరుకుకు రసీదు రాసిచ్చినవ్," అన్నాడు. "సరుకు రాకపోతే మంది మీదపడేది నీ మీద కాదు, పంపినాయన మీద."

హోలీ మర్నాడు పొద్దున తండా నుంచి పిలుపొచ్చింది. పెద్దలు కూర్చున్నారు, సరళక్క, అంటే నేనే, వచ్చి కార్డు చదవాలట. అయ్యగారిని పంపుదామని చూస్తే ఆయన జనగాం మీటింగుకు పోయాడు. దేవుడు ఇలాంటప్పుడు పాస్టర్లను ఊళ్లో ఉంచడు. రెండు మైళ్లూ నడుస్తూ ఏం చెప్పాలో తయారు చేసుకున్నాను. చెరువుకట్ట దగ్గర ఒకటి, జొన్నచేను దగ్గర ఇంకొకటి. తండా కనిపించేసరికి ఏదీ మిగల్లేదు.

తండా పెద్ద నాయక్ ఇంటి ముందు పదిమంది మగవాళ్లు చాపల మీద కూర్చుని ఉన్నారు. బట్టల మీద ముందురోజు రంగులు ఇంకా పోలేదు. ఒక పక్కన ఒక ముసలామె గుండ్రాయి ముందు పెట్టుకుని కూర్చుంది. గాజులు పగలగొట్టడానికని అడగకుండానే తెలిసింది. రాజీ మధ్యలో నిలబడి ఉంది. పిల్లలిద్దరూ ఆమె లంగా పట్టుకుని ఉన్నారు.

ధన్‌సింగ్ దుర్మార్గుడేం కాదు. పది నెలలు ఆ ముగ్గురికీ గింజలు పంపింది తానేననీ, ఎన్నాళ్లని మోస్తాననీ నాకు కూడా తెలియాలని తెలుగులోనే చెప్పాడు. అందులో అబద్ధం లేదు. ఆ పూట అక్కడ అబద్ధమంటూ ఉంటే అది నాది ఒక్కటే.

రాజీ రవికెలోంచి కార్డు తీసి నాకిచ్చింది. చెమటకు మెత్తబడి, అంచులు చిరిగి ఉంది.

"చదువక్కా. నాయక్ బాపు వినాలె."

మళ్లీ అదే మాట చదివితే నన్ను పట్టుకోగలిగినవాళ్లు అక్కడ ఎవరూ లేరు. ఆ సంగతి నాకు తెలుసు. గుండ్రాయి ఆగుతుంది, గడువు ఇంకో పండగకు జరుగుతుంది. కార్డు మీద నా దస్తూరే నన్ను చూస్తోంది. 'నా నోట వచ్చిన మాట మార్చను.'

ఉన్నది ఉన్నట్టు చదివాను. రాజీ నావైపు తిరిగింది.

"అది కాదు గదా అక్కా."

"ఇందులో ఉన్నది ఇదే రాజీ. ఆ రోజు చదివింది నా సొంతం. నీ మొఖం చూసి కల్పించిన."

ధన్‌సింగ్ నవ్వాడు. పెద్దగా కాదు, ముక్కుతో. ముసలామె రాయి మీద చెయ్యి వేసింది. రాజీ నా చేతిలోంచి కార్డు లాక్కుంది. చింపేస్తుందనుకున్నాను. దాన్ని అటూ ఇటూ తిప్పి మళ్లీ నాకే ఇచ్చింది.

"మల్ల చదువు."

చదివాను.

"ఒడంబడిక అంటే ఏంది?"

"ఇచ్చిపుచ్చుకున్న మాట. నలుగురి ముందట పిల్లను ఖాయం చేసుకుంటరు చూడు, అసుంటిది. ఇవతలోళ్లు మాట తప్పినా, ఆయన తన మాట మీద నిలబడతడు."

"బెల్లం తిన్నట్టా?"

తండాలో పెళ్లి ఖాయమైతే రెండువైపుల వాళ్లూ నాయక్ ముందు కూర్చుని బెల్లం తింటారు. తిన్నాక మాట వెనక్కి పోదు. అట్లాంటిదేనన్నాను.

రాజీ నాయక్ వైపు తిరిగి వాళ్ల భాషలో మాట్లాడింది. సోమ్లా అన్న పేరు తప్ప నాకేమీ అర్థం కాలేదు. కానీ నాయక్ తల దించుకోవడం కనిపించింది. తర్వాత, నేనూ సాక్షినేనన్నట్టు, తెలుగులో అంది.

"మా బెల్లం పంచింది నువ్వే బాపూ. నువ్వు గూడ తిన్నవ్. ఆయన సచ్చిండని చూసినోడు ఒక్కడు లేడు. ఆ బెల్లం కక్కు, గాజులు తీస్త."

నాయక్ తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ముసలామె అడక్కుండానే రాయిని పక్కకు దొర్లించింది. చివరికి ఆయన ధన్‌సింగుతో, చూసినోడు వచ్చేదాకా బెల్లం బెల్లమేననీ, అన్న భూమి దున్నితే దున్నినవానికి సగం, మిగిలిన సగం రాజీదనీ చెప్పాడు. ధన్‌సింగ్ లేచి కండువా దులుపుకున్నాడు.

"నీ దేవుడు మాట తప్పడేమో గని వదినే, నీ అక్క తప్పుతది," అనేసి పోయాడు.

చెరువుకట్ట దాకా రాజీ నా వెంట వచ్చింది. కట్ట ఎక్కాక అంది.

"రెండు నెలలు మా వాని కోసం ఒక రొట్టె ఎక్కువ చేసిన అక్కా. రోజు."

క్షమించమన్నాను. ఆ మాట ఆమె విన్నదో లేదో తెలియదు.

"వస్తడని ఆయన అననేలేదు."

"అనలేదు."

"మాట మారనని అన్నడు. అదైనా ఉన్నదా కార్డుల, అది గూడ నీ సొంతమేనా?"

"ఉన్నది."

గాజులు పైకి జరుపుకుంది. "ఐతారం జర తొందరగా వస్త. నాకు అక్షరాలు నేర్పు. ఇంక నువ్వు చదవకు," అని వెనక్కి తిరిగింది.

ప్రతి ఆదివారం వచ్చింది. నా బలపం పట్టుకుంటూనే నా మీద కోపం కూడా వదలకుండా నేర్చుకుంది. 'మ' రాయమంటే 'మాట'లో ఉండేదేనా అని అడిగేది. సోమ్లా కబురు మాత్రం రాలేదు.

ఎనభై జనవరి ఒకటిన బుట్ట పట్టే పని ప్రేమలతమ్మకు అప్పగించాను. నా ముందుకొచ్చినప్పుడు ఆమె బుట్టను కొంచెం కదిపినట్టే అనిపించింది. నాకు వచ్చిన కార్డు, నోటికి కాపలా పెట్టుకొమ్మనేది.

రాజీ తన కార్డు తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది. తెల్లగాజుల చెయ్యి కదిలిస్తూ, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చదువుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి. నేను వంగి చూడబోతే అరచేత్తో కార్డు మూసేసింది.

"ఆగక్కా. ఇంక రెండో వరుసలనే ఉన్న."