జాలి ఉన్న డబ్బా

జగిత్యాలలో కంప్యూటర్ల దుకాణం ఖాలిద్ మా పాత కంప్యూటరు మూత విప్పాడు. లోపలికి రెండు వేళ్లు పెట్టి ఒక బూడిదరంగు పొరను మెల్లగా లాగాడు. అది పాత దుప్పటి ముక్కలా ఒకే తునకగా ఊడి వచ్చింది.

"గిదేందమ్మా, లోపట బొంత కుట్టిండ్రా?"

నా కూతురు అక్షిత తల వంచుకుంది.

"ఏడ పెట్టిండ్రు దీన్ని?" అని మళ్లీ అడిగాడు.

"ఇంట్లనే నాయనా. సాంచెల పక్కకు," అన్నాను.

సిరిసిల్లలో మేం మరమగ్గాన్ని సాంచె అంటాం. మా ముందు గదిలో రెండు సాంచెలున్నాయి. పొద్దున ఏడు గంటల నుంచి వాటిని నేనే నడుపుతాను. నూలు ఆడేచోట నుసి లేస్తుంది. గోడల మీద, అన్నం గిన్నెల మీద, కనురెప్పల మీద వాలుతుంది. అలవాటైపోయి మా కంటికి ఆనదు. ఖాలిద్ చేతిలో చూశాకే అది ఎంతుందో తెలిసింది.

ఆ పాతది ఎవరో వాడి అమ్మినది. నాలుగు నెలలకే ఆగిపోయింది. అక్షిత ఐదుగురు ఆడపిల్లల జట్టులో కంప్యూటరు ఆట ఆడుతుంది. జట్టుకు పెద్ద సమ్రీన్ అనే కోరుట్ల పిల్ల, ఈ ఖాలిద్‌కు మేనకోడలు. ఇరవై రోజుల్లో పోటీ ఉంది. అప్పటికి సొంత కంప్యూటరు లేకపోతే అక్షిత జాగాలో ఇంకొకరిని తీసుకుంటామని సమ్రీన్ మొహమాటం లేకుండా చెప్పేసింది. అక్షిత రెండేళ్లు ఫొటో స్టూడియోలో కూర్చుని పెళ్లి వీడియోలు కత్తిరించి కూడబెట్టుకున్నదంతా ఈసారి పెడుతున్నది. ఇదీ పాడైతే మూడోది కొనే దారి లేదు.

అక్షిత ఫోనులో జాబితా చూపించింది. పన్నెండు జీబీల గ్రాఫిక్స్ కార్డు, చుట్టూ అద్దాల డబ్బా, ఏడు పంకాలు, అన్నింటికీ రంగురంగుల లైట్లు. యూట్యూబ్‌లో ఎవరో హైదరాబాద్ అతను చెప్పినవట.

"మంచిగనే ఉన్నది," అన్నాడు ఖాలిద్. "గని గీ లిస్టు చెప్పినాయన ఇంట్ల సాంచెలున్నయా?"

"ఎందుకుంటయి మామూ?" సమ్రీన్ పిలిచినట్టే తనూ ఆయన్ని మామూ అంటుంది.

"మరింకేంది. ఏడు పంకలు పెట్టుడంటే ఏడు ముక్కులు పెట్టినట్టే. గాలిని గుంజుతయి, గాలితోని దూదిని గుంజుతయి. జాలి ఉన్న డబ్బా తీస్కోండ్రి."

"డబ్బకు సుత జాలి ఉంటదా నాయనా? మనుషులకే కరువైంది," అన్నాను.

ఖాలిద్ నవ్వి, లోపలి నుంచి ఒక నల్ల డబ్బా తెచ్చాడు. దాని ముందు భాగంలో చాయ జల్లెడ కన్నా సన్నని వల ఉంది. పట్టి లాగితే బయటికి వచ్చింది.

"గిదీ జాలి. వారం వారం తీసి కడగాలె. ముందట రెండు పంకలు గాలి లోపటికి తీస్కుంటయి. ఎనుక ఒక్కటే బయటికి ఇడుస్తది. లోపట గాలి ఎక్కువుంటే సందులకెళ్లి బయటికే పోతది గని దుమ్ము లోపటికి రాదు."

"ఇనుప బీరువ లెక్క ఉన్నది," అని అక్షిత మూతి ముడిచింది. "మా టీంల అందరియి జిగేల్‌మంటయి."

"ఆట ఆడేది నువ్వా, లైట్లా?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "అమ్మా, మీ గల్లీల కరెంటెట్లుంటది?"

"పొద్దుగాల అందరు ఒక్కపారే సాంచెలు పట్టినప్పుడు బల్బు కండ్లు మూస్తది."

"అయితే ఎస్ఎంపీఎస్ గట్టిది కావాలె. గోడ కరెంటును మిషినుకు సరిపోయేటట్టు పంచేది గదే. ఎస్ఎంపీఎస్ మంచిది పెడితే మీ పైసలల్ల కార్డు ఒక మెట్టు దిగాలె. పన్నెండు కాదు, ఎనిమిది."

అక్షిత ముఖం మాడిపోయింది. "కార్డు చిన్నగైతే ఫ్రేములు తగ్గుతయమ్మా. బొమ్మ ఆగుకుంట ఆగుకుంట కదులుతది."

"పేక పోగు తప్పిన బట్ట తీరా?"

"ఆ, గట్లనే."

"పోగు తప్పినా బట్ట బట్టనే బిడ్డా. మోటరు కాలితే బట్టనే ఉండది."

ఆమె అక్కడికక్కడే సమ్రీన్‌కు ఫోను చేసింది. అవతలి పిల్ల గొంతు దుకాణమంతా వినబడింది. "ఎనిమిదో పన్నెండో నాకేం ఫరక్ పడది అక్కీ. ఆట నడుమ నువ్వు మాయమైతేనే ఖతం. పోయినసారి నీ మైకుల ఏమినబడ్డదో ఎరికేనా? టకటక టకటక మీ సాంచె, దాని తర్వాత నీ సప్పుడే లేదు. మీ అమ్మ సాంచెను ఆరో ప్లేయర్ కింద రాసుకున్నం మేము."

అక్షితకు నవ్వు ఆగలేదు. ఎనిమిది జీబీల కార్డు, గట్టి ఎస్ఎంపీఎస్, నల్ల డబ్బా తీసుకున్నాం. ఖాలిద్ ఒక్కో సామాను పేరు చెబుతుంటే నేను విన్నది విన్నట్టు ఒక కాగితం మీద తెలుగులో రాసుకున్నాను. చివర "జాలి – ఆదివారం" అని రాసి కింద గీత కొట్టాను.

ఇంటికి తెచ్చి వెనక గదిలో పెట్టాం. నాకు ఆ సన్నని వల మీద నమ్మకం కుదరలేదు. మరునాడు అక్షిత ఆట నడుమ నీళ్లకు లేచినప్పుడు, ఒక తువ్వాలను రెండు మడతలు వేసి డబ్బా ముందు కట్టాను. ఆమె చూడకుండా వచ్చి కూర్చుంది. అరగంటకు పంకాలు సాంచె కన్నా గట్టిగా మొత్తుకున్నాయి. తెర మీది బొమ్మ నిలిచిపోయింది.

"ఎవలు కప్పిండ్రు గిట్ల? ఊపిరాడక సస్తది గదనే!" అక్షిత తువ్వాల లాగి మంచం మీదికి విసిరింది.

నేను ఆ తువ్వాల వైపే చూస్తూ నిలబడ్డాను. నా భర్త ఎల్లేశం కూడా ఇలాంటి తువ్వాలే ముక్కుకు కట్టుకునేవాడు. నుసి లోపలికి పోకుండా ఏదైనా కట్టుకోమని డాక్టరు చెప్పాక నేనే రోజూ ముడివేసేదాన్ని. గంట తిరగకముందే విప్పి పడేసేవాడు. "ఊపిరాడుతలేదే," అనేవాడు. మొండివాడివని, నీ పానం మీద నీకే ఆశ లేదని తిట్టేదాన్ని. ఆయన పోయి నాలుగేళ్లయింది. మొండితనం ఆయనదే అనుకుంటూ వచ్చాను. తువ్వాల మందమని ఒక్కనాడూ తోచలేదు.

సాంచె మీదున్న పల్చని బట్టలో జానెడు కత్తిరించి తెచ్చాను. అక్షిత వేడి ఎంతుందో తెర మీద అంకె చూస్తుంటే, నేను వల మీద ఒక పొర పరిచాను. అంకె కదల్లేదు. రెండో పొర వేయగానే పైకి ఎక్కింది.

"తియ్ తియ్. దీనికి ఒక్కటే సాలు," అంది అక్షిత.

ఆ కంప్యూటరుకు మేం ఎంచిన ఆఖరి సామాను ఆ బట్ట.

పోటీ రోజున సాంచెలు బంద్ పెట్టనా అని అడిగాను. "వద్దమ్మా, నడువనియ్యి. గివి నడుస్తుంటేనే గదా దీని సంగతి తెల్సేది," అంది. రెండు గంటలు ఆడారు. మధ్యలో ఒకసారి బల్బు మసకబారింది. నేను సాంచె దగ్గర నుంచే వెనక గది వైపు మెడ చాచాను. తెర వెలుగుతూనే ఉంది. మొదటి ఆట గెలిచారు, రెండోది ఓడారు. సమ్రీన్ మైకులో అరిచింది: "ఓడితే ఓడినం గని అక్కి మాయం కాలే! పిల్ల టీంలనే ఉంటది!"

అప్పటిదాకా ఆదివారాలు నేనే కడిగాను. ఆ ఆదివారం అక్షిత తనే కడగడానికి ఆ బట్ట తీసింది. తీసి, కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. పల్చని బట్ట కంబళి ముక్కలా మందంగా ఉంది.

"వారం దినాలదేనా గిది?"

"వారందే."

"నువ్వెన్నేండ్ల సంది నడుపుతున్నవమ్మా సాంచె?"

"నువ్వు పుట్టకముందటి సంది."

ఆమె కంప్యూటరు స్విచ్చు వేయలేదు. మిగిలిన పల్చని బట్ట తెచ్చి, మడిచి నా ముక్కుకు, నోటికి అడ్డం పట్టింది.

"గిది రెండు పొరలు. ఊపిరాడుతున్నదా?"

ఆడుతుందని తలూపాను.

"మూడు?"

"జర కష్టం."

"అయితే రెండే." చెవులకు తగిలేలా దారం కుట్టింది. కొత్త కేబుళ్లకు చుట్టి వచ్చిన సన్న తీగను విప్పి పై అంచులో దూర్చి, నా ముక్కు మీద వంచింది. ఆట కోసం ఎన్నడూ పెట్టనంత ఓపిక పెట్టింది దాని మీద.

"నాకు సుత రంగుల లైట్లు పెట్టరాదూ?" అన్నాను.

"నీ ఎస్ఎంపీఎస్ తట్టుకోది. గమ్మునుండు."

నేను సాంచె పట్టాను. గంట గడిచినా విప్పాలనిపించలేదు. మధ్యాహ్నం చూస్తే, గోడకు గుచ్చిన నా కాగితంలో "జాలి – ఆదివారం" అన్న చోట, పక్కన అక్షిత రాతలో "రెండు – డబ్బది, అమ్మది" అని ఉంది.