కసోండే గిటార్‌కి ఎర్త్ తీగ

యోతాము జెరేకి ఒక సుగుణం ఉంది. గిటార్ గానీ, రేడియో గానీ వెనక మూత విప్పకుండా, చెవితో విని జబ్బేమిటో చెప్పేస్తాడు. దీన్ని గర్వం అనేవాళ్ళు మార్కెట్లో చాలామందే ఉన్నారు. అతను మాత్రం మరలకి ఇచ్చే మర్యాద అంటాడు. చెప్పిన జబ్బు తప్పైన రోజున ఆ మర్యాద ఇంకాస్త పెరిగేది.

రాగి గని పక్కన మార్కెట్లో, ఎండు చేపల కొట్టుకీ చితెంగె గుడ్డల కొట్టుకీ మధ్య, రేకుల కింద అతని బల్ల. ఆ సోమవారం పొద్దున కసోండే వచ్చి బల్ల మీద గిటార్ పెట్టాడు. వారమంతా గనిలో డ్రిల్లు పట్టే చేతులే శనివారాలు బీరు హాల్లో గిటార్ పట్టేవి.

"ఏం ఎలకల బావా, తిన్నావా? తోక ఇంకా పళ్ళ మధ్యే వేలాడుతోంది."

"నీకోసం కోతి తొడ దాచాన్లే. కూర్చో."

కసోండే బెంబా, యోతాము ఎంగోనీ. ఆ రెండు తెగలకీ బావల వరస. ఎంగోనీలు ఎలకలు తింటారని వీళ్ళు, బెంబాలు కోతులు తింటారని వాళ్ళు. తిట్టడం హక్కు, కోపం తెచ్చుకోవడం తప్పు, బదులివ్వకపోవడం ఇంకా పెద్ద తప్పు. చివరికి చావింట్లో కూడా శవాన్ని వెక్కిరించి ఏడ్చేవాళ్ళని కాసేపు నవ్వించాల్సింది ఆ వరస వాళ్ళే.

"ట్రెమోలో కడ్డీ ముట్టుకుంటే చాలు, గరగర," అన్నాడు కసోండే. నొక్కితే తీగలన్నీ ఒక్కసారి వణికే కడ్డీ అది. "శనివారం రికార్డుల కంపెనీవాళ్ళు వినడానికొస్తున్నారు. ఈలోగా అది పోవాలి."

ఆ గరగర సంగతి పేటలో అందరికీ తెలిసిందే. అందులో గని కింద ఉన్నవాళ్ళ మాటలు వచ్చేవి. కడ్డీ నొక్కితే వాళ్ళ మాట పైకొచ్చేది, ఎత్తితే మన మాట కిందికి వెళ్ళేది. కసోండే డ్యూటీకి వెళ్ళాక అతని భార్య బ్వాల్యా ఇంట్లో ప్లగ్గు పెట్టేది. ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వరసలో నిలబడేవాళ్ళు. "న్షిమా ముద్దల డబ్బా మర్చిపోయాడేమో కనుక్కో", "సాయంత్రం ఉప్పు తెమ్మను". పోయిన వానాకాలం, గని లోపల నీళ్ళ పంపు ఆగిపోయిందని చెప్పిందీ ఆ గరగరే. ఆడవాళ్ళు గని గేటు ముందు గిన్నెలు మోగించి మగాళ్ళని పైకి రప్పించుకున్నారు.

యోతాము కళ్ళు మూసుకుని విన్నాడు. "కేబుల్," అన్నాడు. కేబుల్ మార్చాడు. గరగర పోలేదు. మర్నాడు వాల్యూమ్ నాబ్‌లో దుమ్మన్నాడు. స్పిరిట్ పోసి కడిగాడు. పోలేదు. బుధవారం, కడ్డీ దాని బెజ్జంలో వదులుగా ఉందన్నాడు. మరకి టేపు చుట్టి బిగించాడు. పోలేదు. ప్రతిసారీ "నేను ముందే అనుకున్నా" అన్నాడు. ఏమనుకున్నాడో మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ రోజు బ్వాల్యా వచ్చి కడ్డీ మీద చెయ్యి వేసి నిలబడింది. "అన్నా, ఇది తీసేస్తే ఆయన తిన్నాడో లేదో నాకెలా తెలుస్తుంది?"

"సాయంత్రం ఇంటికొచ్చాక పొట్ట చూసి తెలుసుకో."

ఆమె నవ్వింది. చెయ్యి మాత్రం తీయలేదు.

గురువారం యోతాము మర్యాద పక్కనపెట్టి వెనక మూత విప్పాడు. లోపల ఐదు స్ప్రింగులు, అవి తగిలించిన ఇనప కొక్కెం. ఆ కొక్కేనికి అతుక్కుని ఉండాల్సిన నల్ల తీగ ఊడి వేలాడుతోంది. ఇంతే.

"నీ గిటార్‌కి ఎర్త్ లేదురా కోతి బావా," అన్నాడు, షిఫ్టు దిగి వచ్చిన కసోండేతో.

"రోజూ వెయ్యి అడుగుల మట్టి కింద ఉండేవాణ్ణి. నాకు ఎర్త్ లేకపోవడమేంట్రా?"

యోతాము టంకం పెట్టాడు. వెండి చుక్కలా నున్నగా కుదిరింది. పక్క కొట్టువాళ్ళని కూడా పిలిచి చూపించాడు. కడ్డీ నొక్కితే తీగలు వణికాయి, అంతకుమించి చప్పుడు లేదు.

"రేపు షిఫ్టు దిగాక పట్టుకెళ్తా," అని కసోండే వెళ్ళిపోయాడు.

శుక్రవారం తొమ్మిదింటికి బ్వాల్యా అలవాటు చొప్పున వచ్చి కడ్డీ నొక్కింది. ఏమీ రాలేదు.

"చూశావా, ఎంత శుభ్రంగా ఉందో!" అన్నాడు యోతాము.

ఆమె ఇంకోసారి నొక్కింది. వెళ్ళిపోయింది.

పదిన్నరకి సైరన్ మోగింది. గనిలోకి బురద దిగింది. కింద కసోండేతో కలిపి ఏడుగురు. వాళ్ళు ఏ వైపు పరిగెత్తారో, ఎక్కడ తవ్వాలో తెలీక గని ఆఫీసర్లు మ్యాపు పరుచుకుని వాదించుకుంటున్నారు.

బ్వాల్యా పరిగెత్తుకుంటూ వచ్చింది. "విప్పు," అంది.

యోతాము మూత విప్పాడు. తీగ పట్టి లాగాడు. టంకం ఊడలేదు, అంత బాగా పెట్టాడు. చివరికి తీగే తెగింది. కడ్డీ నొక్కాడు. గరగర.

"ముతాలే నాన్నా!" అని బిడ్డ పేరుతో మొగుణ్ణి పిలిచింది బ్వాల్యా. గరగర తప్ప ఏమీ లేదు. మిగతా ఆడవాళ్ళు ఒక్కొక్కరూ తమవాళ్ళ పేర్లు పిలిచారు. గరగరే.

అప్పుడు యోతాము కడ్డీ పైకెత్తాడు. "ఒరే కోతులు తినేవాడా! పాట వినడానికి జనం వస్తోంటే బురదలో దాక్కున్నావా? మీ బెంబాల ధైర్యం ఇంతేనా?"

చాలాసేపటికి కసోండే గొంతు వచ్చింది.

"ఎలకల... బావా... నీకన్నా... ఎలకే నయం."

ఎంగోనీ తిడితే బెంబా ఊరుకోలేడు. తిట్టుకీ తిట్టుకీ మధ్య సంగతి రాబట్టారు. ఏడుగురూ తూర్పు కొసన, పాత ఫ్యాన్ గదిలో ఉన్నారు. బురద గుండెల దాకా వచ్చింది. ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని గేటుకి పరిగెత్తారు. తవ్వకం అటు మళ్ళింది.

కసోండే నిద్రలోకి జారిపోకుండా యోతాము ఆరు గంటల సేపు తిట్టాడు. తిట్లు అయిపోతే చేపల కొట్టావిడ దగ్గర అడిగి తెచ్చుకున్నాడు. అవతల నుంచి బదులు చిన్నదవుతూ వచ్చింది. కసోండే మిగతా ఆరుగుర్నీ తన భుజాల మీద ఎక్కించి పై మెట్టు మీదకి చేర్చాడట. తను ఎక్కడానికి భుజం లేదు.

ఆఖరిసారి మాట స్పష్టంగా వచ్చింది.

"బావా, పొద్దున్నించీ పిలిచానురా. గోడ చెమ్మగిల్లుతోందని, గేటు దగ్గర చెప్పమని. ఎవరూ పలకలేదు. నీ టంకం... భలే కుదిరింది."

ఆరుగురు బతికి పైకొచ్చారు.

చావింట్లో అందరూ యోతాము కోసం చూశారు. వెక్కిరించాల్సిన వంతు అతనిది. పెట్టె దగ్గరికి వెళ్ళాడు. నోరు తెరిచాడు. బ్వాల్యా అతని వంకే చూస్తోంది. నోరు మూసుకుని వచ్చేశాడు. ఇరవై ఏళ్ళయినా పేటలో అది ఇంకా తప్పుగానే చెప్పుకుంటారు.

ఆ గిటార్‌కి మళ్ళీ వెనక మూత పెట్టలేదు. అది బ్వాల్యా ఇంట్లోనే ఉంది. మగాళ్ళు గనిలోకి దిగాక ఆడవాళ్ళు వెళ్ళి నొక్కుతూనే ఉన్నారు. యోతాము ఇప్పుడు ఏది వచ్చినా ముందు మూత విప్పుతాడు, తెలియకపోతే తెలియదంటాడు. ఎర్త్ తీగ అతికించే ముందు, ఈ చప్పుడు మీకు కావాలా వద్దా అని అడుగుతాడు. చాలా నేర్చుకున్నాడు.

కసోండే ఆఖరున అన్న మాటకి ఏం బదులివ్వాలో మాత్రం ఇంకా నేర్చుకోలేదు.