ముని ఆర్ట్స్ వారి రాళ్లు

ముప్పై ఏళ్లపాటు మునిచంద్ర శ్రీకాళహస్తి జనానికి చేయకూడని పనులన్నీ రాసి చూపించాడు. ఇచ్చట వాహనములు నిలుపరాదు. ఇచ్చట ఉమ్మివేయరాదు. అనుమతి లేనిదే లోనికి రారాదు. పూలు కోయరాదు. గోడల మీదా, రేకుల మీదా, షట్టర్ల మీదా ఎర్ర అక్షరాలు, వాటికి తెల్ల అంచు. కింద మూలన చిన్నగా ‘ముని ఆర్ట్స్’ అని సంతకం. ఆయన అక్షరం నిండుగా, గుండ్రంగా, ఇప్పుడే బూరెల మూకుడులోంచి తీసినట్టుండేది. కొమ్ము రాసేటప్పుడు చివర కుంచెను చిన్నగా తిప్పి వదిలేవాడు. ఆ తిప్పుడు చూసి ఊళ్లో చాలామంది ఇది ముని చెయ్యి అని చెప్పేసేవాళ్లు.

తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. పూట పట్టే పని పది నిమిషాల్లో మిషన్లోంచి చుట్టలు చుట్టుకుంటూ బయటపడసాగింది. ముని ఆర్ట్స్ అంగడి సెల్‌ఫోన్ల అంగడి అయింది. మునిచంద్రకు ఇప్పుడు ఆటోల నంబర్ ప్లేట్లూ, ఎప్పుడైనా ఓ బడి గోడా మిగిలాయి. ఇంటి వెనక రేకుల కింద మాత్రం సగం సగం రంగు డబ్బాలు వరసగా ఉన్నాయి. పారేయడానికి మనసొప్పదు, వాడడానికి పని లేదు.

ఆయన భార్య ప్రసన్నకుమారి అంగన్‌వాడీ టీచరు. ఒక ఆదివారం ఆమే అడిగింది, పిల్లలకు ఒకటి నుంచి పది వరకూ అంకెలు నేర్పడానికి రాళ్ల మీద రాసిమ్మని. పలకలైతే వారానికి రెండు పగులుతున్నాయట, రాళ్లయితే ఆ భయం లేదు. మునిచంద్ర టీవీఎస్ మోపెడ్ వేసుకుని స్వర్ణముఖి ఏటి దిక్కుకు పోయి, అరచేతి కన్నా కాస్త పెద్దవి, నున్నటివి ఏరి గోతంలో వేసుకొచ్చాడు. కడిగి, ఆరబెట్టి, ఒక్కోదానికి ఒక్కో రంగు పూసి అంకెలు రాశాడు. పది పూర్తయ్యేసరికి ఇంకా మూడు రాళ్లు మిగిలాయి.

"వీటి మీద ఏం రాసేది?" అన్నాడు.

ప్రసన్నకుమారి చాటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండానే, "ఇన్నేండ్లు జనాలకు వద్దు వద్దు అని రాసినావు. ఇప్పుడన్నా ఒక మంచిమాట రాయి," అంది.

"యాడ రాయాల?"

"రాయి మీద రాయి."

అన్నాక ఆమెకే నవ్వొచ్చింది. మునిచంద్ర కూడా నవ్వాడు గానీ కుంచె పట్టుకుంటే చెయ్యి కదల్లేదు. ముప్పై ఏళ్లుగా ఎవరో ఒకరు కాగితం మీద రాసిచ్చిన మాటలే ఆయన రాశాడు. తన మాట అంటూ ఒక్కటీ రాయలేదు. మంచిమాట అంటే పెద్ద పెద్ద సూక్తులు గుర్తొచ్చాయి. అవన్నీ బడి గోడల మీద రాసి రాసి విసుగెత్తినవే. చివరికి, తనకు బాగాలేనప్పుడు ఎవరైనా ఏమంటే బాగుండేదని ఆలోచించాడు. అప్పుడు రాశాడు.

ఒకదాని మీద, ‘అన్నం తిన్నావా?’

ఇంకోదాని మీద, ‘ఏం పర్లేదులే.’

మూడోదాని మీద, ‘నీ పని అవుతాది.’

మరుసటి రోజు పొద్దున్నే మొదటి రాయి ఆసుపత్రి మెట్ల పక్కన పెట్టాడు. రెండోది కాలేజీ గేటు దగ్గర, మూడోది తిరుపతి బస్సులు ఆగేచోట, ఆటో స్టాండు పక్కనున్న వేపచెట్టు మొదట్లో. సంతకం చేయలేదు. తర్వాత కాలేజీ ఎదురుగా టీ తాగుతూ నిలబడ్డాడు. ఒకమ్మాయి చేతిలో పరీక్ష అట్టతో విసవిసా నడుస్తూ వచ్చి, రాయి చూసి ఆగింది. చదివింది. అటూ ఇటూ చూసి, ఎవరూ చూడటం లేదనుకుని, దాన్ని మెల్లగా బొటనవేలితో ఓసారి తడిమి, మామూలుగా నడుచుకుంటూ లోపలికి పోయింది.

మునిచంద్ర ఇంకో టీ చెప్పాడు. తన అక్షరాలు చూసి ఉమ్మడం మానేసిన మనుషుల్ని చూశాడు గానీ, మొహం తేటపడ్డ మనిషిని చూడటం అదే మొదలు.

ఇక ఆగలేదు. వారానికి పదీ పన్నెండూ రాళ్లు. రైల్వే స్టేషన్ బెంచీల మీద, బ్యాంకు మెట్ల దగ్గర, ఏర్పేడు దారిలో కల్వర్టుల మీద. ఒకసారి ఆ దారిలోనే ఖాళీ ప్లాటు అంచున ‘రొంతసేపు కూసోని పో’ అన్న రాయి పెడుతుంటే ప్లాటు ఓనరు రఘునాథ్ కారు ఆపి పరిగెత్తుకొచ్చాడు.

"ఎవురయ్యా నువ్వు? నా ప్లాటులో హద్దురాయి నాటతా ఉండావా?"

"హద్దురాయి గాదు సార్, సదవండి."

రఘునాథ్ చదివాడు. ఇంకోసారి చదివాడు. "ఎవురు కూసోవాల? ఎందుకు కూసోవాల?" అని గద్దించాడు. తర్వాత ఏమనుకున్నాడో, ఆ రాయిని తీసుకుని కారులో ముందు సీటు మీద పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి ఈ కథ చెబితే ప్రసన్నకుమారి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

అంతా బాగా జరుగుతుండగా, రెండు నెలల తర్వాత ఆటో స్టాండు డ్రైవరు ధనశేఖర్ ఫోన్ చేశాడు. ముప్పై అయిదేళ్లవాడు, గొంతు పెద్దది, స్టాండుకు వాడే నాయకుడు. వాడి ఆటో నంబర్ ప్లేటు మునిచంద్ర రాసిందే.

"అన్నా, బిరీన రా. బోర్డు ఒకటి రాయాల."

చాలాకాలానికి బోర్డు పని. మునిచంద్ర కుంచెలూ రంగు డబ్బాలూ సంచిలో వేసుకుని సంబరంగా పోయాడు. పోయి చూస్తే వేపచెట్టు మొదట్లో ఇటుకలతో చిన్న అరుగు కట్టి ఉంది. దాని మీద పసుపు ముద్దలా ఏదో కూర్చుని ఉంది. నడుమ కుంకుమ బొట్టు, మెడలో మల్లెల మూర, ముందు కొబ్బరి చిప్పలు.

"ఏ సామి అబ్బా ఇది?" అన్నాడు మునిచంద్ర.

"పనుల సామి. మన లోకేష్ గాడు ఊరికే మొక్కినాడు, వారంలో లైసెన్సు వచ్చేసింది. తిరుపతికి ఇంటర్వ్యూకు పోయేవాళ్లంతా ఈడ దణ్ణం పెట్టుకోనే బస్సెక్కతా ఉండారు. నువ్వు బోర్డు రాయి: ఇచ్చట చెప్పులతో రారాదు. ఇచ్చట కూర్చొనరాదు. బుట్టలు పెట్టరాదు."

మునిచంద్ర వంగి చూశాడు. ఆ ముద్ద ఆకారం ఆయన చేత్తో కడిగి ఆరబెట్టినదే. పసుపు కింద అక్షరాలు ఎక్కడా కనిపించలేదు.

"బుట్టలెవురివి?" అని మాత్రం అడిగాడు.

"గంగులమ్మవి. ఆడ గాదు ఈడ పెట్టుకో అంటే ఇనదు ముసల్ది."

గంగులమ్మ ఆ చెట్టు కింద ఎన్నో ఏళ్లుగా ఉడకేసిన చెనక్కాయలు అమ్ముతుంది. ఇప్పుడామె నీడ వదిలి, రోడ్డుకు అవతల, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఎండలో కూర్చుని ఉంది. నెత్తిన తడిగుడ్డ వేసుకుంది. మునిచంద్ర రోడ్డు దాటి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. చెనక్కాయలు కొన్నాడు.

"నిన్ను లేపేసినారా అక్కా?"

"సామికి అడ్డమంట," అంది గంగులమ్మ. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువుంది ఆమె గొంతులో. "ఆ సామికి మొదట పసుపు పెట్టిందే నేను, నాయనా. ఇప్పుడు నన్నే పో అంటాండారు."

"నువ్వు పెట్టినావా?"

"ఆ పొద్దు నా కూతురికి తిరుపతిలో కడుపు ఆపరేషను. అల్లుడు ఫోను ఎత్తలేదు. పోదామంటే అంతకు ముందురోజే జరమొచ్చి అంత దూరం పోయే సత్తువ లేదు. ఈడనే కూసోని ఏడస్తా ఉండా. బస్సుకొచ్చిన కాలేజీ పాప ఒకతి, అవ్వా, ఈ రాయిమీద ఏం రాసిందో సదివేదా అని సదివింది. నీ పని అవుతాది అని. మాయింటికి పోయి పసుపు తెచ్చి రొంత పెట్టినా. సాయంకాలానికి ఫోను వచ్చింది, బాగుండాదని."

మునిచంద్ర చేతిలోని చెనక్కాయ కింద పెట్టాడు. "అక్కా, ఆ రాయి రాసింది నేనే," అన్నాడు. "సామీ లేదు, ఏమీ లేదు. ఎనామిల్ పెయింటు. తప్పయిపోయింది."

గంగులమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఎవురో ఒకరు రాసింటారని నాకు తెలీదా? అచ్చరాలు వాటికవే మొలుస్తాయా? అంత పొద్దూ ఒక్కరూ నన్ను ఏమైందని అడగలే నాయనా. ఆ రాయి ఒకటే మాట్లాడింది. అందుకని పెట్టినా పసుపు." ఆగి, "బాగా రాసినావు," అంది.

మునిచంద్ర లేచి ఆటో స్టాండుకు తిరిగొచ్చాడు. నలుగురు డ్రైవర్లున్నారు. రాసింది నేనే అని చెప్పాడు. ధనశేఖర్ పగలబడి నవ్వాడు.

"పో అన్నా! రేపు గుడి గూడా నేనే కట్టించినా అంటావు."

"అయితే సూడు."

సంచిలో ఎప్పుడూ ఒకటో రెండో రాళ్లుంటాయి. ఒకదాన్ని తీసి ఆటో సీటు మీద పెట్టుకుని, రంగు డబ్బా మూత తీసి, అందరి ముందూ రాశాడు. ‘నీ పని అవుతాది.’ ఐదు నిమిషాలు పట్టింది. ఈ లోపల గంగులమ్మ నీళ్ల చెంబుతో రోడ్డు దాటి వచ్చింది. ఎవరినీ అడగలేదు. అరుగు దగ్గర వంగి, మల్లెల మూర తీసి పక్కన పెట్టి, రాయి మీద నీళ్లు పోసి కొంగుతో రుద్దింది. పసుపు జారింది. కింద ఎర్ర అక్షరాలు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. రెండు రాళ్లూ పక్కపక్కన పెడితే కొమ్ము చివరి వంపుతో సహా ఒక్కలాగే ఉన్నాయి.

లోకేష్ తన లైసెన్సున్న జేబు తడుముకున్నాడు.

"ఇప్పుడేం జెయ్యాలన్నా?" అన్నాడు ధనశేఖర్. గొంతు బాగా తగ్గింది. "మొక్కేసినాము గదా. తప్పా?"

"నువ్వు మొక్కింది తప్పు గాదు అబ్బోడా," గంగులమ్మే చెప్పింది. "నన్ను లేపింది తప్పు. మంచిమాట చెప్పే సామి అయితే ముసల్దాన్ని ఎండలోకి తరమమంటాడా?"

ధనశేఖర్ చెవులదాకా ఎర్రబడ్డాడు. ఒక్క ఉదుటున రోడ్డు దాటి, చెనక్కాయల బుట్టా, తూకం రాళ్లూ, గోనెపట్టా మోసుకొచ్చి చెట్టునీడలో దించాడు. రెండో విడత పోయి ఆమె అక్కడే వదిలిన తడిగుడ్డ కూడా తెచ్చాడు.

అప్పుడే తిరుపతి బస్సు వచ్చింది. ఎక్కేవాళ్లలో ఒక నడివయసు ఆమె ఉంది. చంకలో స్కానింగ్ కవరు, చేతిలో క్యారియరు, మొహంలో నిద్రలేమి. గంగులమ్మ ఆమెను చూసింది. తుడిచిన రాయిని తీసుకుని బస్సు మెట్టు దగ్గరికి పోయి, ఆమె సంచిలో పెట్టేసింది.

"ఏందవ్వా ఇది?"

"కూసున్నాక సదువుకో మే. నాకు పనైపోయింది దీంతో."

బస్సు కదిలింది. కిటికీలోంచి ఆమె రాయి పైకెత్తి చూస్తుండటం కనబడింది. మలుపు తిరిగేటప్పుడు ఆమె చెయ్యి బయటికొచ్చి ఓసారి ఊగింది.

స్టాండులో కాసేపు అందరూ ఏదో పని ఉన్నట్టు నటించారు. కొబ్బరి చిప్పల్ని తలా ఒకటి పంచుకు తిన్నారు. అరుగు పడగొడదామని ఒకరంటే, కూర్చోవడానికి పనికొస్తుందని ఇంకొకరన్నారు. గంగులమ్మ తన బుట్ట తీసి దాని మీద పెట్టేయడంతో ఆ వాదన ముగిసింది. ఇప్పుడు బేరం నేల మీద గాక కాస్త ఎత్తులో జరుగుతుంది, అంతగా వంగే పని లేదు.

మునిచంద్ర కుంచెలు కడుక్కుని సంచి సర్దుతుంటే ధనశేఖర్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"బోర్డు వద్దు గానీ అన్నా, నాకొక రాయి రాసిస్తావా? ఆటోలో పెట్టుకునేదానికి."

"ఏం రాయాల?"

ఆ పెద్ద గొంతువాడు పోయి ఆటోలో కూర్చున్నాడు. స్టీరింగ్ పట్టుకుని, అద్దం సర్ది, హారన్ ఒకసారి ఊరికే నొక్కాడు.

"జాగర్తగా పోయిరా అని రాయి," అన్నాడు చివరికి, మొహం అటు తిప్పుకుని. "మాయమ్మ అనేది పొద్దున్నే. పోయినేడు పోయింది. ఇప్పుడు బండి తీస్తే ఎవురూ ఏమీ అనరు."

మునిచంద్ర సర్దిన సంచి మళ్లీ విప్పాడు. మిగిలిన ఒక్క రాయిని అరుగు మీద, చెనక్కాయల బుట్ట పక్కన పెట్టి, ఏ రంగు కావాలని అడిగాడు. ఆకుపచ్చ అన్నాడు ధనశేఖర్. గంగులమ్మ బుట్టను కాస్త పక్కకు జరిపి, ఆయన చేతికి చోటు చేసింది.