అద్దె ఇళ్ళకు అడ్డుపడిన గుండు

సియోల్‌లోని హేదుల్ అపార్ట్‌మెంట్స్ మహిళా సంఘం అధ్యక్షురాలు మాల్సున్‌కు ప్రతి ఉదయం రెండు పనులు తప్పవు. ముప్పై ఆరేళ్ళ కొడుకు గ్యుతేను నిద్ర లేపి, మొలకల చారుతో అన్నం పెట్టడం ఒకటి. ఇంకా ఇల్లు చూసుకోలేదేమని తిట్టడం రెండోది. గ్యుతే ప్రేమించిన బోరమ్ బంగారం లాంటి పిల్ల. కానీ కాపురానికి ఒక గూడైనా చూపించకపోతే ఈ ఏడాది చివర్లో వేరే సంబంధం చూసుకుంటామని ఆ పిల్ల తల్లి తెగేసి చెప్పింది. కిమ్చి పచ్చడి దాచుకునే ఫ్రిజ్ పక్కన చిన్న గదిలో కాళ్ళు ముడుచుకుని పడుకునే కొడుకు దగ్గరికి కోడల్ని ఎలా తెస్తారు చెప్పండి?

తిట్లు అయిపోగానే మాల్సున్ అసలు పనిలోకి దిగేది. ప్రహరీ పక్కనున్న ఖాళీ స్థలంలో యువతీ యువకులకు చవక అద్దె ఇళ్ళు కడతామని నగరపాలక సంస్థ ప్రకటించింది. అవి వస్తే తమ ఫ్లాట్ల ధర పడిపోతుందని సంఘం మండిపడింది. పై అంతస్తు నుంచి కిందిదాకా 'అద్దె ఇళ్ళు వద్దు' అని ఎర్ర బ్యానర్ వేలాడదీసింది. ఒకే నోటితో కొడుక్కి ఇల్లు కావాలనీ, ఇళ్ళు కట్టొద్దనీ అంటున్న సంగతి మాల్సున్‌కు తట్టనే లేదు. నవ్వకండి, మనలో చాలామందికి తట్టదు.

ఇంతలో మేయర్ ఎన్నికలు వచ్చిపడ్డాయి. మా సియోల్‌లో కోపం నిజమైనదేనని నాయకులు నమ్మాలంటే నలుగురిలో గుండు కొట్టించుకోవాలి. ఆ గౌరవం అధ్యక్షురాలికే దక్కాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. అంతకుముందు వారమే జుట్టు రింగులు తిప్పించుకున్న మాల్సున్ ప్రాణం ఉసూరుమంది. కానీ వెనక్కి తగ్గితే పరువేం కాను?

ఆదివారం ఆ ఖాళీ స్థలంలోనే కుర్చీ వేశారు. ఒక అభ్యర్థి కూడా వచ్చి, నడుం విరిగేలా వంగి దండాలు పెట్టి, మీ ఫ్లాట్ల ధర పెంచే పూచీ నాదన్నాడు. రోడ్డుకు అవతల ఇళ్ళు కావాలంటూ అట్టలు పట్టుకున్న కుర్రకారు కనిపించగానే అటు పరుగెత్తి, ధరలు తగ్గించే పూచీ కూడా నాదేనన్నాడు. రెండు వైపులా చప్పట్లు కొట్టారు.

పార్లర్ ఆవిడ చేతిలో జుట్టు కత్తిరించే మిషన్ గుర్రుమంది. ఎడమవైపు జుట్టంతా ఒళ్ళో పడ్డాక మాల్సున్ కళ్ళు తుడుచుకుని రోడ్డు అవతలికి చూసింది. మాస్కు పెట్టుకున్న ఒకడి ఒంటిమీద, పొద్దున తను ఇస్త్రీ చేసిచ్చిన గళ్ళ చొక్కా ఉంది. పక్కన బోరమ్.

"ఒరేయ్ గ్యుతే, ఇటు రారా. ఆఫీసులో పనుందన్నావు, నీకక్కడేం పని?"

గ్యుతే తల వంచుకుని వచ్చాడు. "ఇవి కడితే మేమూ అప్లై చేద్దామనుకున్నామమ్మా. బోరమ్ వాళ్ళమ్మ కూడా అందాకా ఆగుతానంది. నీకు చెబితే బాధపడతావని దాచాను."

"ఈ ఇళ్ళకా? ఇక్కడికి ఎవరెవరో వచ్చి పడతారనుకున్నాను కదరా."

"ఆ ఎవరెవరో మేమే అత్తయ్యా," అంది బోరమ్ మెల్లగా.

మాల్సున్‌కు సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. సంఘం ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక నేలచూపులు చూశారు. వాళ్ళిళ్ళలోనూ చిన్న గదులు ఖాళీగా లేవు మరి. ఏం చేయాలో తోచక పార్లర్ ఆవిడ మిషన్ ఆపి, మిగతా సగం సంగతేమిటని అడిగింది.

"కొట్టెయ్యమ్మా. ఇలా సగం తలతో ఇంటికెలా పోతాను? కాకపోతే ఈ సగం నా కొడుకు తరఫున."

గుండు పూర్తయింది. ఫోటో కోసం పక్కన చేరిన అభ్యర్థి చెయ్యి గట్టిగా పట్టుకుని మాల్సున్ అందరికీ వినబడేలా చెప్పింది:

"అయ్యా, మాకు ధర పెంచి, మా పిల్లలకు తగ్గించే మంత్రమేదీ లేదు. ఉందని మీరూ చెప్పకండి, మేమూ నమ్మం. ఇక్కడ ఇళ్ళు కట్టండి. మా ఫ్లాట్ ధర తగ్గితే తగ్గనీ. కన్నబిడ్డలకే చోటు లేని ఊళ్ళో మా ఇల్లు ఎంత పలికితే మాత్రం, అది ఎవరిని ఉద్ధరించడానికి?"