చిన్నతల్లి ఓటు

కన్యాకుమారి అబద్ధాలకోరంటే ఆ వీధిలో ఎవరూ ఒప్పుకోరు. బోరు దగ్గర ఒకరి బిందెకు ముందు తన బిందె పెట్టే రకం కాదు, ఇక్కడి మాట అక్కడికి మోసే రకమూ కాదు. ఆవిడకున్నదల్లా ఒకటే జబ్బు, రాజకీయాలంటే ఒళ్లుమంట. "ఎవులు గెలిస్తే మనకేటి? మన పొయ్యి మనమే ఎలిగించుకోవాల" అని ఒక్క మాటతో తేల్చేసేది. ఈ మాట అనేవాళ్లు మనలో తక్కువేం లేరు, అందరికీ అలాగే గడిచిపోతోంది కూడా. కన్యాకుమారికి మాత్రం గడవలేదు. ఎందుకంటే ఆవిడకు కళ్లు కనబడని అత్త ఉంది.

అత్త పేరు చిన్నతల్లి. నీటికాసులని డాక్టరు చెప్పేసరికే ఒక కన్ను పోయింది, రెండోది నెమ్మదిగా దాని దారే పట్టింది. ఉపాధి హామీ పనిలో పలుగూ పారా పట్టలేదు కాబట్టి, పనిచేసేవాళ్లకు మంచినీళ్లు అందించే పని ఆవిడకిచ్చారు. కాలవగట్టు మీద కుండ పక్కన కూర్చునేది. "అత్తా, నీళ్లు" అని గొంతు వినబడగానే పేరు పెట్టి పలకరించి మరీ చెంబు అందించేది. కొడుకూ కోడలూ తిండికి లోటు చేసే మనుషులు కారు. అయినా ఆ పని ఉన్నంతకాలం తన తిండి తనదేనని ముసలమ్మకు ధీమా.

ఈలోగా సర్పంచి ఎన్నికలొచ్చాయి. ఊరు బొబ్బిలికి ఆనుకునే ఉంది. దాన్ని పట్టణంలో కలిపెయ్యాలా, పంచాయతీగానే ఉంచాలా అన్నది ఈసారి అసలు సంగతి. కలిపెయ్యమని కొత్త సర్పంచి తీర్మానం చేసి పంపితే పని సగం అయిపోయినట్టే. ఉంగరం గుర్తు మీద నరసింగరావు, కత్తెర గుర్తు మీద సుహాసిని నిలబడ్డారు. నరసింగరావు, కన్యాకుమారి మొగుడు సోములుకు వరసకు బావ. అతని భార్య కుంకుమభరిణె పట్టుకుని, పెళ్లికి పిలిచినట్టు గడపగడపకూ తిరిగి ఆడవాళ్లకు బొట్టు పెట్టి "ఉంగరం ఒదినా, మర్సిపోకండి" అని చెప్పింది. బొట్టు పెట్టించుకుని ఇంకో గుర్తుకు వెయ్యడమంటే, భోజనానికొస్తామని ఎగ్గొట్టినంత మర్యాదతక్కువ పని అక్కడ. అందుకని సోములు ఇంట్లో ఓటు గురించి ఇక మాట్లాడుకోవలసింది ఏమీ మిగల్లేదు.

చిన్నతల్లి ఒక్కతే ఒప్పుకోలేదు.

"బొట్టు బొట్టే, ఓటు ఓటే" అంది. ప్రచారం ఆఖరిరోజు సాయంత్రం ఊరి పెద్దలు అభ్యర్థులిద్దర్నీ రామమందిరం దగ్గర కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నారని తెలిసి కోడల్ని పిలిచింది.

"ఒసే కన్యా, నువ్వెల్లి ఇనీసి రా. కలుపుతానన్నదెవులు, వొద్దన్నదెవులు, అదొక్కటి ఇనుకుంటే సాలు. నేనొస్తే ఆ మైకుల గోలలో నాకేటీ తెలీదు."

"నాకెందుకత్తా అయ్యన్నీ?"

"నీకోసం గాదే, నాకోసం. నా సెవులు నువ్వే అనుకో."

ఇంత మాట అన్నాక కాదనలేక కన్యాకుమారి చెప్పులేసుకుంది. రామమందిరానికి వెళ్లే దారిలోనే కుట్టుమిషను కుమారి ఇల్లు. కుట్టమన్న జాకెట్టు అయిందో లేదో చూద్దామని లోపలికి అడుగుపెట్టింది. జాకెట్టు కాలేదు. చేతుల దగ్గర కొలత సరిచూసుకున్నారు, పెళ్లికుదిరిన ఎవరి పిల్ల గురించో మాట్లాడుకున్నారు, టీ తాగారు. మైకులో మాటలు వినబడుతూనే ఉన్నాయి గానీ, చెవిలో పడ్డమే తప్ప బుర్రకెక్కలేదు. ఆఖరికి మైకు ఆగిపోయింది. జనం ఇళ్లకు మళ్లుతుంటే కన్యాకుమారి కూడా వాళ్లతో కలిసి ఇంటికి నడిచింది.

"ఏటన్నారే?" అంది అత్త, కాళ్ల చప్పుడు విని.

ఎల్లలేదని చెప్తే సరిపోయేది. తిట్టేది, అంతే. కానీ చిన్నతల్లి ముఖం అంత ఆత్రంగా పెట్టి కూర్చుంది. ఆ ముఖం చూశాక "కుమారి ఇంట్లో కూకున్నానత్తా" అనడానికి నోరు రాలేదు.

"ఇద్దరిదీ ఒకటే మాటత్తా. కలిపేది నేదు, ఏటీ నేదు. రోడ్లేస్తామన్నారు, దీపాలేస్తామన్నారు."

"సుహాసినీ అదే అన్నాదా?"

"అదే."

"అయితే మరేటి, ఇద్దరూ ఒకటే అయినప్పుడు మనోడికే ఏసేద్దాం. ఉంగరం" అంది.

ఆ పూట కన్యాకుమారి అత్త కంచంలో చేపముక్క ఇంకోటి ఎక్కువ వేసింది. తప్పు చేసినవాళ్లకు చెయ్యి కాస్త ధారాళమవుతుంది.

పోలింగు ఊరి బడిలో. కనబడనివాళ్లు వరసలో నిలబడక్కర్లేదని పోలీసాయన చిన్నతల్లిని ముందుకు తీసుకెళ్లి, గది గుమ్మం పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. వరస కదిలి మీదాకా వచ్చాక మీరిద్దరూ కలిసే వెళ్లండి, అని కన్యాకుమారితో చెప్పాడు. కన్యాకుమారి ముందు దుర్గాభవాని నిలబడి ఉంది. ఉపాధి పనిలో చిన్నతల్లి వాళ్ల గుంపుకు హాజరు వేసే మేట్ ఆవిడే.

"మొన్న నువ్వు మీటింగుకి రానట్టున్నావు?" అంది దుర్గాభవాని.

"పనుండిపోయింది."

"నరసింగరావుబాబు సెప్పీసినాడు గదా, గెలిస్తే టౌన్లో కలిపేస్తానని. కుళాయిలొస్తాయట, కాలవలొస్తాయట. సుహాసినేమో ప్రాణం పోయినా కలపనియ్యనంది. టౌనైపోతే ఉపాధి పని ఉండదు, ఇంటి పన్ను పెరిగిపోతాదని. నిజమే గదా మరి? మీ అత్త కుండ కూడా ఎత్తీడమే."

కన్యాకుమారి అత్త వైపు చూసింది. గుమ్మం పక్కన కుర్చీలో అత్త, ఉతికిన చీర కట్టుకుని, బడిలో చేరిన పిల్లలా బుద్ధిగా కూర్చుంది. ఇప్పుడు వెళ్లి చెప్పొచ్చు. కానీ అత్తకు అటు పోలీసాయన, ఇటు పెద్దమనుషులు, అంతా తెలిసిన మొహాలే. "నేను మీటింగుకెల్లలేదత్తా, నీకు కల్లమాట సెప్పీసినాను" అని అంతమంది ముందు ఎలా అనడం? అనడానికి ధైర్యం కూడగట్టుకుంటూ ఉండగానే వరస కదిలిపోయింది.

లోపల అధికారి, "ఆవిడ ఏ గుర్తు మీద వెయ్యమంటే దానిమీదే వేయించాలమ్మా. బయట ఎవరికీ చెప్పకూడదు" అని సంతకం పెట్టించుకున్నాడు. ముందు కన్యాకుమారి తన ఓటు వేసుకుంది. ఇందాక విన్నదంతా అత్త గురించే అనుకుంది తప్ప తన ఓటుకూ సంబంధం ఉందని తోచలేదేమో, చెయ్యి అలవాటుగా వెళ్లి ఉంగరం మీద ముద్ర గుద్దింది. తర్వాత అత్త చెయ్యి పట్టుకుని అట్టముక్కల చాటుకు నడిపించింది. తోడొచ్చినందుకు కన్యాకుమారి కుడి వేలికి కూడా సిరా పూశారు.

"ముద్ర నా సేతికియ్యి" అంది చిన్నతల్లి గుసగుసగా. "నువ్వు సెయ్యి పట్టుకుని ఉంగరం మీద పెట్టు. నొక్కేది మాత్రం నేనే నొక్కుతాను."

కన్యాకుమారి అత్త చేతిని పట్టుకుంది. ఎండిన చెయ్యి. ఉంగరం మీద పెడితే ఈ చేత్తోనే ఈ మనిషి తన కుండ తనే పగలగొట్టుకున్నట్టు. అదీ తను ఆడిన అబద్ధం వల్ల. ఇంట్లో ఓ మూల పనీపాటా లేకుండా కూర్చున్న అత్త కళ్లముందు మెదిలింది. తప్పు తనదే కదా, తనే దిద్దాలి అనుకుంది. అత్త చేతిని పక్కకు జరిపి కత్తెర మీద పెట్టింది.

"ఇదేనా?"

"ఇదేనత్తా."

చిన్నతల్లి బలంకొద్దీ నొక్కింది.

ఇంటికి నడుస్తుంటే ముసలమ్మ ఉషారు చెప్పనలవి కాదు. "మీ మావ ఉన్నప్పుడు ఆయనే సెప్పేవోడు, నేనేసీదాన్ని. తరవాత సోములు సెప్పేవోడు. నాకు తెలిసి, నేనడిగి, నేనే అనుకుని ఏసింది ఇదే" అంది. కన్యాకుమారికి ప్రతి మాటా చెంపదెబ్బలా తగులుతోంది. అయినా లోపల ఏదో మూల, అత్త పని నిలబెట్టానన్న ఊరట కూడా ఉంది. ఆ ఊరటే పట్టుకుని నడుస్తోంది.

"ఒక్కటే బాధ" అంది చిన్నతల్లి. "ఇద్దరిలో ఎవుడో ఒకడు కలిపేస్తానంటే బాగున్ను. కళ్లు మూసుకుని ఆడికేసీదాన్ని."

కన్యాకుమారి ఆగిపోయింది. "కలిపేస్తేనా? నీ పని పోతాది గదత్తా!"

"పోతే పోతాది. నేనింకెన్నాళ్లు సేస్తానే? టౌనైతే కుళాయొస్తాదంట. పొద్దున్నే బోరుకాడ్నుంచి బిందె తెచ్చి దించినప్పుడల్లా నువ్వు 'అమ్మా' అని నడుం పట్టుకుంటావు. నాకు కళ్లు నేవు గానీ సెవులున్నాయి. ఆ కేకిని రోజూ లెగుస్తన్నాను. అందుకే నిన్ను మీటింగుకు పంపినాను. సెప్తే 'నాకోసమొద్దత్తా' అంటావని సెప్పలేదు."

నడిరోడ్డు మీద కన్యాకుమారికి ఏడుపు ముంచుకొచ్చింది. పని పోతే అత్త ఏమైపోతుందోనని బాధపడిందే గానీ, అసలు నీకేం కావాలత్తా అని ఒక్కసారి, ఒక్కసారైనా అడిగిందా? అడగలేదు. అడగకుండానే ఆవిడ చెయ్యి పట్టుకుని గుద్దించేసింది. ఇక దాచుకునే ఓపిక లేకపోయింది.

"అత్తా, నేను మీటింగుకెల్లలేదు. కుమారి ఇంట్లో కూకుండిపోయినాను. కలిపేస్తానన్నాడు నరసింగరావన్న. ఇందాక వరసలో తెలిసింది నాకు. నీ పని పోతాదని... నీ సెయ్యి కత్తెర మీద పెట్టీసినాను."

తిడితే బాగుండునని కన్యాకుమారికి అనిపించింది. ముసలమ్మ ముద్ర వేసిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, మెల్లగా రాసుకుంటూ నిలబడింది.

"నీ ఓటు ఎవులికేసినావు?" అంది చివరికి.

"ఉంగరానికి."

"నీదీ నాదీ కొట్టుకుపోయినాయన్నమాట. రెండూ నువ్వే ఏసి, రెండూ నువ్వే సెరిపేసినావు."

"తప్పయిపోయిందత్తా. నన్ను తిట్టు. నాలుగు దెబ్బలెయ్యి."

"దెబ్బలెందుకే? నువ్వు నాకు మంచే అనుకున్నావు. మీ మావా మంచే అనుకునీవోడు, సోములూ మంచే అనుకుంటాడు. ఎవులూ సెడు అనుకోనేదు నాకు."

అప్పుడే, ఇందాకా బడి దగ్గరే ఆగిపోయిన దుర్గాభవాని వెనక నుంచి వచ్చి కలిసింది. సిరా వేలు చూపిస్తూ, చూపించినా కనబడదని గుర్తొచ్చి చెయ్యి దించేసి, "అత్తా! ఏటి, ఓటేసినావా?" అంది నవ్వుతూ.

చిన్నతల్లి కోడలి ఏడుపు వినబడుతున్న వైపు ముఖం తిప్పింది.

"సెప్పవే కన్యా, అడుగుతన్నాది" అంది. "ఏసినానా?"