మబ్బుల కంప్యూటర్

పొద్దున అలేఖ్య షాపు షట్టర్ ఎత్తిన చప్పుడు వినపడగానే ఉప్పుగూడ స్టేషన్ వెనక గల్లీలో ఆడవాళ్లు దండెం మీది బట్టలు లోపలికి తెచ్చుకునేవాళ్లు. అలేఖ్య కంప్యూటర్ మీట నొక్కుతుంది. డబ్బా గుర్రుమంటుంది, కుయ్యిమని ఒక కూత పెడుతుంది, తెర మీద నీలాకాశం, తెల్లమబ్బులు వస్తాయి. వెంటనే గల్లీలో చినుకులు మొదలు. రామలింగం పిండి గిర్ని దగ్గర నుంచి రైలు పట్టాల గోడ దాకా, అంతే. గిర్నికి ఇవతల తడిసినవాడు అవతలికి అడుగేస్తే ఎండలో ఉంటాడు. రోహిణీ కార్తె అయినా సరే ఇదే వరస. తెర మీద మబ్బులు పోగానే వాన వెలిసిపోయేది.

ఇందులో వింతేమీ లేదు. ఒక గల్లీలో నల్లా సరిగ్గా రాదు, ఇంకో గల్లీలో కరెంటు ఊరికే పోతుంది, ఈ గల్లీలో కంప్యూటర్ పెడితే వాన పడుతుంది. కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు చెత్తబండి ఎప్పుడొస్తుందో చెప్పినట్టే ఓనర్లు ఇదీ చెప్పేవాళ్లు.

ఆ కంప్యూటర్‌ని అలేఖ్య వాళ్ల నాన్న పరబ్రహ్మంగారు రిటైరైన ఏడాది ఆఫీసులో పాత సామాను వేలం వేస్తే పాడుకుని, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. తెనాలి నుంచి వచ్చి ఈ ఊళ్లో గుమాస్తాగిరీలోనే జుట్టు నెరిసిన మనిషి. డిగ్రీ అయిన అలేఖ్య ఇంటి ముందుగదిలో వాళ్లమ్మ పేరు మీద 'వెంకటలక్ష్మి జాబ్ వర్క్స్' అని బోర్డు పెట్టి అర్జీలు, బయోడేటాలు టైపు చేసేది. చెయ్యి చురుకైనది, నోరు కూడా. కానీ ఆ కంప్యూటర్‌కి ఒక రోగం ఉంది. పని మధ్యలో ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. మౌస్ కదలదు, అక్షరం పడదు. మళ్లీ మీట నొక్కాలి, మళ్లీ మబ్బులు, మళ్లీ చినుకులు. రోజుకి ఎన్నిసార్లు బిగుసుకుంటే అన్నిసార్లు వాన. అలేఖ్యకి తిక్క రేగేది. గల్లీకి మాత్రం చల్లగా ఉండేది.

అందరికంటే ఎక్కువ సుఖపడింది కొండల్ ఇల్లు. షాపుకి సరిగ్గా ఎదురుగా కొండల్ బర్రెల కొట్టం. తాతల నాటి నుంచి పాల వ్యాపారం వాళ్లది. షట్టర్ చప్పుడు వినగానే వాళ్లమ్మ కొమురమ్మ బర్రెల్ని గల్లీలోకి వదిలేది. అవి వరసగా నిలబడి, కళ్లు మూసుకుని తడిసేవి. రేకుల మీది నీళ్లు తొట్టిలోకి, కొట్టంలోని బర్రెల పెండ మురుగు మోరీలోకి. ఊళ్లో ఇళ్ల మధ్య బర్రెలు ఉండకూడదని మున్సిపాలిటీ వాళ్లు చుట్టుపక్కల కొట్టాలన్నీ ఊరి బయటికి పంపించేశారు. ఈ గల్లీకి దుర్గయ్య అనే ఆఫీసరు వచ్చేవాడు. గొడుగు పట్టుకుని నిలబడి చూసేవాడు. కడిగిన పళ్లెంలా ఉన్న నేల చూసి, వాసన లేదు, ఈగ లేదు, ఇంకేమనాలి, కొమురమ్మ ఇచ్చిన చాయ్ తాగి వెళ్లిపోయేవాడు.

రెండువేల నాలుగు ఎండాకాలంలో అలేఖ్యకి ఒక పెద్ద పని దొరికింది. కోఠీలో గైడ్లు అచ్చువేసే అమరనాథ్ ఇంటర్ ఫిజిక్స్ గైడు ఇంగ్లీష్ మీడియంది మొత్తం టైపు చేయమన్నాడు. ఇది సరిగ్గా చేసిస్తే మిగతా సబ్జెక్టులూ ఆమెకే. ఇక అర్జీల కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. అయితే గైడు మొదలుపెట్టిన దగ్గర నుంచి కంప్యూటర్ మరీ పగబట్టింది. ఒక చాప్టర్ చివరికొచ్చేసరికి బిగుసుకునేది, మళ్లీ పెట్టేసరికి సగం పోయేది. గతిశాస్త్రం మూడోసారి మాయమైన రోజు అమరనాథ్ ఫోన్ చేసి, అమ్మా, నీ వల్ల కాకపోతే చెప్పు, వేరేవాళ్లని చూసుకుంటానన్నాడు. అలేఖ్య ఫోన్ పెట్టేసి కంప్యూటర్ వైపు చూసి, ఇక నీతో నాకు పడదు అనుకుంది.

కంప్యూటర్ల పత్రికతో పాటు ఊరికే వచ్చిన సీడీలు ఆమె దగ్గర ఉన్నాయి. వాటిలో లైనక్స్ అని ఒక కొత్త సిస్టం, పెంగ్విన్ బొమ్మది. బిగుసుకోదని, నెలల తరబడి ఆపకుండా నడుస్తుందని పత్రికలో రాశారు. ఎవర్నీ పిలవలేదు, పుస్తకం ముందు పెట్టుకుని తానే ఎక్కించడానికి కూర్చుంది. అంతకు ముందు మాత్రం రోడ్డు దాటి కొమురమ్మకి చెప్పి వచ్చింది, లోపలి సిస్టం మారుస్తున్నానని.

"మీట అదే గద బిడ్డా," అంది కొమురమ్మ పాలు పిండుతూనే. "లోపల ఏం మార్చుకుంటే మాకేంది."

గల్లీ మొత్తం అనుకునేది అదే. వాన మీటలో ఉందని. అందుకే ఏటా దసరాకి ఆయుధపూజ రోజున కొమురమ్మ స్వయంగా వచ్చి ఆ మీటకి పసుపు, కుంకుమ పెట్టి, దండం పెట్టి పోయేది. పరబ్రహ్మంగారు కూడా మీట అరిగిపోతుందని దానికి గుడ్డ చుట్టి ఉంచేవాడు. ఇంతమంది ఇన్నేళ్లు బొట్టు పెట్టిన చోటు తప్పు అయి ఉంటుందని ఎవరికి తోస్తుంది?

పెంగ్విన్ సీడీ ఒక ప్రశ్న అడిగింది. డిస్కు మొత్తం తుడిచేయనా అని. అలేఖ్య గతిశాస్త్రం గుర్తు తెచ్చుకుని, తుడిచెయ్యి అంది. పనికిరాని పాత సిస్టం సీడీని కొమురమ్మ అడిగి తీసుకెళ్లి, దారం కట్టి, కొత్తగా పుట్టిన దుడ్డె మెడలో నజర్ తగలకుండా వేసింది. దుడ్డె గెంతినప్పుడల్లా అది ఎండలో తళుక్కుమనేది.

మర్నాడు పొద్దున షట్టర్ లేచింది. బట్టలు లోపలికి వెళ్లాయి, బర్రెలు బయటికి వచ్చాయి. అలేఖ్య మీట నొక్కింది. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు బిరబిరా పరుగెత్తాయి, పెంగ్విన్ వచ్చి కూర్చుంది. ఒక్క చినుకు లేదు. ఆపి మళ్లీ పెట్టింది. పెంగ్విన్. మళ్లీ పెట్టింది. బర్రెలు కాసేపు తలెత్తి చూసి, ఎండకి తాళలేక వాటంతట అవే కొట్టంలోకి వెళ్లిపోయాయి. వాన మీటలో లేదని, తెర మీద వచ్చే మబ్బుల్లో ఉందని అలేఖ్యకి అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం, మబ్బుల్ని తన చేత్తోనే తుడిచేసింది.

పని మాత్రం పరుగెత్తింది. పెంగ్విన్ ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. గతిశాస్త్రం అయింది, ఉష్ణం అయింది, ధ్వని అయింది. ఇవతల గైడు పెరిగే కొద్దీ అవతల పెండ పెరిగింది. కొండల్ బిందెలతో ఎంత మోసినా చాలదు, నల్లా దయ తలచినప్పుడే నీళ్లు. వాసన లేచింది, ఈగలు లేచాయి. వాన పడ్డప్పుడల్లా పిండి మెత్తబడుతోందని సణిగిన రామలింగమే ఇప్పుడు పిండి మీద ఈగలు వాలుతున్నాయని లొల్లి పెట్టి, మున్సిపాలిటీకి కంప్లయింటు ఇచ్చాడు. సోమవారం దుర్గయ్య వస్తాడని, కొట్టం ఇలాగే ఉంటే బర్రెల్ని ఎక్కించుకుపోవడానికి బండి కూడా వస్తుందని కబురు చేశారు. ఊరి బయట కొండల్‌కి గుంట జాగా లేదు. బర్రెలు పోతే అమ్ముకోవడమే, అమ్ముకుంటే కూలికి పోవడమే.

కొమురమ్మ మాత్రం రోజూలాగే పాలు తెచ్చి, రోజూలాగే కొసరు పోసి వెళ్లేది. తిట్టినా బాగుండేదని అలేఖ్యకి అనిపించింది. ఆ పాలతో చాయ్ కాచుకుంది, తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి, పాత సిస్టం మళ్లీ ఎక్కిస్తానని నాన్నకి చెప్పింది.

పరబ్రహ్మంగారు పేపరు మడిచాడు. గైడు ముప్పాతిక అయింది, వారంలో ఇచ్చేయాలి, ఇప్పుడు డిస్కు కెలికితే అదంతా పోతుందని ఆయన భయం. "వాన మన సెక్షన్ కాదమ్మా," అన్నాడు. ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో ఎన్ని ఫైళ్లని ఆ మాటతో పక్క టేబులు మీదికి తోశాడో.

"ఇన్నాళ్లూ మన సెక్షన్‌లోంచే కురిసింది కదా నాన్నా," అంది అలేఖ్య.

ఆయన లేచి చొక్కా వేసుకుని, నయాపూల్ దాకా వెళ్లి ఫ్లాపీల డబ్బా కొనుక్కొచ్చాడు. గైడుని ముక్కలు ముక్కలుగా ఫ్లాపీల్లోకి ఎక్కించి, ఒక్కోదాని మీద చాప్టర్ పేరు ఆయనే తన గుండ్రటి రాతతో రాశాడు.

సోమవారం పొద్దున్నే అలేఖ్య దుడ్డె మెడలో నుంచి సీడీ విప్పింది. అది అందినదల్లా నమిలే వయసు. సీడీ నిండా గీతలు. తెల్ల టూత్‌పేస్టు రాసి, మెత్తని గుడ్డతో లోపలి నుంచి బయటికి రుద్దింది. డిస్కుని రెండు భాగాలు చేసింది, అన్నదమ్ములు ఇంటి మధ్య గోడ కట్టుకున్నట్టు. ముందు పాతదాన్ని ఎక్కించాలి, ఆ తర్వాతే కొత్తది. అక్క పెళ్లి కాకుండా చెల్లి పెళ్లి చేస్తే అక్క ఊరుకోదు. పాత సిస్టమూ అంతే, వెనక వచ్చిందంటే కొత్తదానికి గుమ్మం లేకుండా చేస్తుంది. ఇది అలేఖ్య పుస్తకంలో చదువుకుంది.

ఫైళ్లు ఎక్కుతూ ఎక్కుతూ ఆగిపోయాయి. ఈ ఫైలు చదవలేకపోతున్నానని తెర మీద రాసింది. సీడీ తీసింది, మళ్లీ పేస్టు, మళ్లీ గుడ్డ. ఇంకొంచెం ఎక్కింది. మళ్లీ ఆగింది. అంతలో కొండల్ పెండ చేతులతోనే గుమ్మం దగ్గరికి వచ్చాడు. 

"దుర్గయ్య సార్ గిర్ని కాడికి వచ్చిండు చెల్లే. గొడుగు తేలే."

గొడుగు తేలేదంటే వాన పడదని ఆయనకి చెప్పేశారన్నమాట. వెనకే బండి కూడా ఉంది. దుర్గయ్య ముక్కుకి రుమాలు కట్టుకుని కొట్టం వైపు నడిచాడు. కొమురమ్మ అన్నిటికన్నా ముసలి బర్రె మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. ఆమె కాపరానికి వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఉన్న బర్రెకి అది మనవరాలో మునిమనవరాలో. బండి వెనక తలుపు తీసి పలక దించారు. కొండల్ ఏడుపొచ్చి మొహం తిప్పుకున్నాడు.

అలేఖ్య సీడీని చివరిసారి తన చున్నీతో తుడిచి లోపలికి నెట్టింది. ఫైళ్లు కదిలాయి, అడ్డం దాటాయి. డబ్బా తనంతట తాను ఆగి, మళ్లీ లేచింది. కుయ్యిమంది. తెర మీద నీలాకాశం, తెల్లమబ్బులు.

అది చినుకు కాదు. ఇన్నాళ్లూ పెంగ్విన్ బిగుసుకోకపోవడం వల్ల పడకుండా మిగిలిపోయిన వానలన్నీ ఒక్కసారే పడ్డాయి. పాత సిస్టం తన అలవాటు మరిచిపోలేదు. మబ్బులు పోకముందే బిగుసుకుంది. అలేఖ్య జీవితంలో మొదటిసారి దాన్ని మెచ్చుకుంది. మీట నొక్కింది, మళ్లీ మబ్బులు, మళ్లీ బిగుసుకుంది, మళ్లీ నొక్కింది. బయట రేకులు మోగిపోయాయి. పేరుకున్న పెండ కొట్టుకుపోయి మోరీలో పడింది, ఈగలు ఎటు పోయాయో పోయాయి, బర్రెలు వరసగా గల్లీలోకి వచ్చి కళ్లు మూసుకున్నాయి. నిలువునా తడిసిన దుర్గయ్య అరుగెక్కి, చాలాసేపు నేల వైపు చూశాడు. రుమాలు విప్పి పిండుకున్నాడు. కొమురమ్మ చాయ్ తెచ్చింది.

"మంచిగనే ఉన్నది గదా," అన్నాడు ఆయన బండివాళ్ల వైపు తిరిగి. "పలక ఎత్తుండ్రి."

మధ్యాహ్నానికి అలేఖ్య రెండో భాగంలో పెంగ్విన్‌ని కూడా ఎక్కించింది. ఫ్లాపీల్లో ఒకటి పాడై కాంతి చాప్టర్ పోయింది. మళ్లీ కొట్టింది. ఈసారి మధ్యలో ఏదీ ఆగలేదు కాబట్టి గైడు అనుకున్న రోజుకే కోఠీ చేరింది. కెమిస్ట్రీ కూడా తీసుకుపొమ్మని అమరనాథ్ అక్కడే కాగితాలు చేతిలో పెట్టాడు.

ఇప్పుడు మీట నొక్కగానే తెర మీద ముందు రెండు వరసలు వస్తాయి. పైది పెంగ్విన్, కిందిది మబ్బులు. ఏది కావాలో చెప్పమని కాసేపు ఆగుతుంది. ఎవరూ చెప్పకపోతే పెంగ్విన్ దారి పడుతుంది. మొదటి రోజు పాలు తెచ్చిన కొమురమ్మ ఆ తెర ముందు ఆగిపోయింది. ఏమంటున్నదని అడిగింది.

"ఏది కావాలని అడుగుతున్నది అవ్వా. నువ్వు ఏది చెప్తే అది."

"నన్నా?"

"ఎవరు ముందు కూసుంటే వాళ్లని."

కొమురమ్మ పాలక్యాను కింద పెట్టింది. కుర్చీలో అంచున కూర్చుంది.

"పెండ్లికి అడగలే," అంది నెమ్మదిగా. "పట్నం తెచ్చినప్పుడు అడగలే. బర్రెల్ని తోలుకపోతమన్నోళ్లు అడగలే. ఇంత ముసలిదాన్నయినంక ఈ డబ్బా ఒక్కటే అడుగుతున్నది."

అలేఖ్య ఆమె వేలు పట్టుకుని కింది వరసకి దిగే బాణం మీట చూపించబోయింది. కొమురమ్మ చెయ్యి విడిపించుకుంది. వేలు కొంగుకి తుడుచుకుని, తానే వెతుక్కుని, తానే నొక్కింది. బయట ఆడవాళ్లు బట్టలు తీస్తున్న చప్పుడు, ఆ వెనకే రేకుల మీద చినుకులు.